పడమటి కిటికీ కింద నడుమెత్తు పొయ్యి

ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో ఎవరూ చచ్చిపోరు. కానీ ఒక వీధి ఆడవాళ్ళు చేతులు పడిపోయేలా బోరింగు కొట్టి నింపుకున్న తాగునీళ్ళన్నీ ఒక సంగటి గిన్నెలో కలిసిపోతాయి. ఒక పెద్దామె నడిదావలో నిప్పులు పారేసి చెప్పుల్లేకుండా పరిగెత్తుతుంది. ఇంత అనర్థానికీ కారణం అనంతపురం కాలేజీలో బీఏ చదివి, ప్రపంచంలో తనకు తెలియని విషయం లేదనుకున్న ఒక తిక్కమనిషి. ఆ మనిషి పేరు సరోజ. అంటే నేనే.

పొయ్యి ఎక్కడ పెట్టాలన్నది కూడా ఒక సమస్యేనా అని, మీట తిప్పితే మంట వచ్చే వంటింట్లో కూర్చుని మీరు నవ్వొచ్చు. నవ్వండి. నవ్వడానికే రాస్తున్నాను. కాకపోతే సగంలో ఆపి ‘పాపం’ అనకండి. పాపం అనిపించుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ గిట్టదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. శింగనమల పక్కన ఒక పల్లెకు నన్నిచ్చారు. మా ఆయనకు బోర్లు వేసే లారీ మీద పని. ఎండిపోయిన జిల్లాలో ఎండిపోని ఉద్యోగం అదొక్కటే. లారీ ఎక్కాడంటే వారాల తరబడి మనిషి కనిపించడు. గోరంట్ల దగ్గరున్నానని కబురు పంపుతాడు, ఆ కబురు నాకు చేరేసరికి కణేకల్ దాటి పోయి ఉంటాడు. ఇంటికొచ్చినప్పుడు తల నుంచి కాళ్ళ వరకు తెల్లటి రాతిదుమ్ము. మొదటిసారి అలా చూసినప్పుడు, సున్నం కొట్టిన స్తంభమేదో కాళ్ళొచ్చి నడుస్తోందనుకున్నాను.

ఆయన లేనప్పుడు ఉమ్మడి ఇంట్లో నా కాలక్షేపం మా అత్తతో వాదించడం. చారులో ఉప్పు ముందు వేయాలా, చింతపండు ముందు పిసకాలా అన్నదాని మీద నేను పొద్దు వాలేదాకా మాట్లాడగలను. ఆమె కూడా తగ్గే మనిషి కాదు. అలా వాదించుకుంటూ వాదించుకుంటూ ఒకరోజు, “ఇట్లయితే నేను వేరే ఇంట్లో ఉంటా” అన్నాను.

“ఉండుపో. ఎవురొద్దన్న్యారు?” అంది ఆమె.

ఆ మాట దగ్గర ఇద్దరిలో ఒకరు ఆగాలి. నాకు ఆగడం రాదు. ఆమెకు అంతకన్నా రాదు. మధ్యలో మా ఆయన, తల్లికీ పెళ్ళానికీ అడ్డం పడే ధైర్యం లేక, ఊరి చివర చేన్లకు పోయే దావ పక్కన తన భాగానికొచ్చిన జాగాలో రెండు గదులు లేపాడు. నేను గెలిచాను.

గెలిచినవాళ్ళకు ఏం దొరుకుతుందో ఎవరూ చెప్పరు. నేను చెబుతాను. రెండు గదులు దొరుకుతాయి. అందులో ఎదురు మాట్లాడే మనిషి మాత్రం ఉండదు.

చుట్టుపక్కల ఉన్నది ఒక్క రామక్క ఇల్లు. వాళ్ళది గొర్రెల మంద. పొద్దున గొర్రెలు పోయేటప్పుడు దుమ్ము, సాయంత్రం వచ్చేటప్పుడు దుమ్ము. ఆ రెండు దుమ్ముల మధ్య పగలంతా నాది. మాట్లాడే అలవాటు ఒక్కసారిగా మానేస్తే దవడలు బిగుసుకుపోతాయని భయపడి నేను రేడియోతో మొదలుపెట్టాను. రైతులకు సలహాలు చెప్పే పెద్దమనిషి, “ఈ దశలో వేరుశనగకు సమృద్ధిగా నీరు పెట్టండి” అనేవాడు. “నువ్వొచ్చి పెట్టు. వచ్చేటప్పుడు నీళ్ళు కూడా తెచ్చుకో” అనేదాన్ని నేను. ఆయన వినకుండా మొక్కజొన్నలోకి పోయేవాడు. నా వాదానికి జవాబు చెప్పకుండా పారిపోయిన మొదటి మనిషి ఆయన.

ఇక పొయ్యి సంగతి. మా అత్తవాళ్ళ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పొలం పంచుకుంటే వేరుపడినట్టు కాదు, ఇల్లు కట్టుకుంటే వేరుపడినట్టు కాదు. పొయ్యి వేరైతేనే వేరు. కొత్త ఇంట్లో పొయ్యి పెట్టాక, పాత పొయ్యిలోంచి కుండపెంకులో నిప్పులు తీసుకుని అత్త నడిచిరావాలి. ఆ నిప్పుతో కోడలు సంగటి వండాలి, మొదటి ముద్ద అత్త తినాలి. అప్పుడుగాని కోడలు వేరుపడినట్టు లెక్కలోకి రాదు. అంతవరకు కొత్త ఇల్లు ఎంత గొప్పదైనా అది పడుకునే చోటే. కోడలు తినాల్సింది పాత పొయ్యి దగ్గరే.

అందుకని నేను రోజూ మధ్యాహ్నం ఎర్రటి ఎండలో నెత్తిన కొంగేసుకుని, ఎవరినో ఉద్ధరించడానికి పోతున్నట్టు తల ఎగరేసి, పాత ఇంటికి నడిచేదాన్ని. తినేదాన్ని. తింటూ వాదించేదాన్ని.

“పొయ్యి ఆగ్నేయంలోనే ఉండాల” అంది మా అత్త మొదటిరోజు, నా పళ్ళెంలో సంగటి ముద్ద పెడుతూ.

“ఆగ్నేయంలో కిటికీ లేదత్తా. పొగ యాడికి పోవాల?”

“ఇన్నేండ్లు మా పొగ యాడికి పోయింది? గవాచ్చిలోంచి పోయింది.”

గవాచ్చి అంటే మట్టిమిద్దెకు నడినెత్తిన వదిలే రంధ్రం. వెలుగు దిగడానికీ పొగ ఎక్కడానికీ అదొక్కటే దారి.

“నాది బండల మిద్దె. గవాచ్చి లేదు.”

“గవాచ్చి లేనిది ఇల్లా, గోడౌనా?”

ఆ రాత్రి నేను ఆగ్నేయానికి వ్యతిరేకంగా మాటలన్నీ వరస పేర్చుకుని, మర్నాడు సైన్యంతో వెళ్ళాను. వెళ్ళేసరికి ఆమె, “రాత్రంతా ఆలోచన చేసినా. ఆగ్నేయం వద్దులే. పెరట్లో పెట్టు” అంది.

నా సైన్యమంతా వృథా. ఏం చేస్తాను? ఆగ్నేయం తరఫున వాదించాను.

“నిన్న ఆగ్నేయమే వద్దంటివి కదే!”

“నిన్న నువ్వు కావాలంటివి కదా!”

ఇలా మా పొయ్యి ఇంటి చుట్టూ అన్ని దిక్కులూ తిరిగింది. ఒకరోజు ఈశాన్యంలోకి పోబోతే దేవుడి మూల అని ఇద్దరం కలిసి వెనక్కి తెచ్చాం. మేమిద్దరం ఒక్కమాట మీదున్న రోజు అదొక్కటే. ఆ రోజు అన్నం తొందరగా అయిపోయింది. చేతులు కడుక్కుని చెరో వైపు చూస్తూ కూర్చున్నాం. తర్వాత ఆమే, “అయినా ఈశాన్యమైతే తప్పేముండాదిలే” అంది. అమ్మయ్య అనుకున్నాను.

పొయ్యి ఎక్కడ పెట్టాలో తేలనంతవరకు నాకు రోజూ పాత ఇంట్లో తిండి, తిండితోపాటు ఒక గొడవ. రోజు మొత్తానికి నా చెవిన పడే మనిషి గొంతు ఆ గొడవలోదే. ఈ సంగతి అప్పుడు నాకు తెలుసంటే అబద్ధం. తెలియదన్నా అబద్ధమే.

మా కాపురం ఇలా మూడు పూవులు పూస్తుండగా మా ఆయన దిగాడు.

“ఇంకా పొయ్యి పెట్టలేదా?” అన్నాడు, వంటిమీది దుమ్ము దులుపుకుంటూ. “నేను బండరాతిలో ఆరొందల అడుగులు దించేదానికి గూడా ఇంత సేపు పట్టదు. రేపు ఓబులేసు వస్తాడు. తెల్లారేలోపల యాడ పెట్టాలనో నువ్వే చెప్పు.”

“అత్త ఒప్పుకోదు.”

“మా అమ్మ సంగతి నాకొదులు. చోటు చెప్పు.”

ఆ సాయంత్రం ఒక్కదాన్నే రెండు గదుల్లోనూ తిరిగాను. పెద్ద గదికి పడమటి వైపు ఒక కిటికీ ఉంది. దానికి తలుపులింకా బిగించలేదు, నిలువు కమ్మీలే ఉన్నాయి. అక్కడ నిలబడితే చేన్లకు పోయే దావ మొత్తం కనిపిస్తుంది. పనికి పోయేవాళ్ళు, బోరింగు దగ్గర్నుంచి బిందెలతో వచ్చేవాళ్ళు, అందరూ ఆ కిటికీ ముందు నుంచే పోవాలి. పొయ్యి ఇక్కడ పెట్టుకుంటే పోయేవాళ్ళలో ఒకరన్నా తల తిప్పి, “ఏం వండుతాండావు సరోజమ్మా?” అని అడక్కపోతారా? కాకపోతే ఒక చిక్కు. పొయ్యి నేలమీద పెట్టుకుని కూర్చుంటే కిటికీలోంచి ఆకాశం తప్ప ఏమీ కనబడదు. ఆకాశంలో మా జిల్లాలో ఏముంటుంది, చూడటానికి?

కాబట్టి నిలబడి వండాలి. కాబట్టి పొయ్యి నడుమెత్తున ఉండాలి.

అసలు కారణం ఇది. నేను లోకానికి చెప్పిన కారణం వేరు.

“వెంటిలేషన్” అన్నాను మర్నాడు మేస్త్రీ ఓబులేసుతో. “ఈడ కిటికీ కింద నడుమెత్తు గోడ కట్టి, పైన బండ పరిచి, దానిమీద పొయ్యి కట్టు. టౌన్లో అందరూ నిలబడే వండుతారు. నడుము వంచే పని లేదు. వెంటిలేషన్ బాగుంటాది.”

“అదే ముఖ్యమక్కా. అది లేకుంటే ఎట్ల?” అన్నాడు ఓబులేసు.

“వెంటిలేషన్ అంటే ఏమి?” అని అడిగాను.

“నువ్వే చెప్పాల. నువ్వు చదువుకున్నేదానివి.”

ఓబులేసు గొప్పదనం అది. దక్షిణం వైపు తలుపు పెట్టి ఉత్తరం వైపు మెట్లు కట్టమన్నా, “బ్రహ్మాండంగా ఉంటాదక్కా” అని కట్టేసి పోతాడు. అలాంటి మేస్త్రీ దొరకడం వాదించేవాళ్ళకు పెద్ద ప్రమాదం.

గోడ అవతల నుంచి రామక్క తలెత్తి చూసింది. “పొయ్యి అంతెత్తున పెడితే సంగటి ఎట్ల గెలకతావు సరోజమ్మా?”

సంగటి తెలియని అదృష్టవంతుల కోసం ఒక మాట. నూక ఉడుకుతుండగా పైన రాగిపిండి పోసి మూత పెట్టడం వరకు అది వంట. ఆ తర్వాత కుస్తీ. గిన్నె నేలమీదికి దించి, గుడ్డ అడ్డం పెట్టి రెండు కాళ్ళ మధ్య ఇరికించుకుని, చేతికర్రంత సంగటి కట్టె రెండు చేతులా పట్టుకుని, ఒంట్లో బరువంతా దాని మీద వేసి గెలకాలి. పైనుంచి బరువు పడకపోతే పిండి ఉండలు కట్టి ఊరుకుంటుంది.

ఈ సంగతి పుట్టినప్పటి నుంచీ నాకు తెలుసు. మా అమ్మ గెలకగా చూశాను, నేనే గెలికాను. కానీ అడిగింది రామక్క. చెప్పాల్సింది నేను. “నిలబడే గెలకతా” అన్నాను.

“నిలబడి మజ్జిగ చిలకచ్చు. సంగటి గెలకలేవు.”

“గిన్నె దించకుండా, నడుము వంచకుండా, పొయ్యి మీదనే గెలకతా. నువ్వే చూస్తావులే అక్కా.”

చూసింది. ఆమె ఒక్కతే కాదు.

పొయ్యి మట్టి ఆరినాక, అత్తకు తెలియకుండా టీ పెట్టి చూశాను. వైశాఖమాసం. ఊళ్ళో ఆకు కదలడం లేదు. మంట బడిలో ప్రార్థనకు నిలబడ్డ మంచి విద్యార్థిలాగా నిటారుగా నిలబడింది. పొగ వినయంగా కిటికీలోంచి తలవంచుకుని వెళ్ళిపోయింది. “చూసినావా అక్కా, ఎంటిలేషన్!” అన్నాడు ఓబులేసు, అదేదో ఆ క్షణంలో కిటికీలోంచి కనబడ్డట్టు.

కొడుకు నచ్చజెప్పి మళ్ళీ లారీ ఎక్కాక, మా అత్త చోటు సంగతి వదిలి మంచిరోజు కోసం పంచాంగం చూపించింది. ఒకరోజు తిథి బాగాలేదంది, ఒకరోజు వారం బాగాలేదంది, అన్నీ బాగున్న రోజు తన మోకాలు బాగాలేదంది. చివరికి ఆషాఢం తరుముకొస్తోందని ఏరువాక పున్నమి దాటినాక ఒక రోజు ఒప్పుకుంది. “నేనొచ్చేదంక అగ్గి ముట్టించొద్దు. నిప్పు నేను తెస్తా” అని మళ్ళీ మళ్ళీ చెప్పింది.

ఏరువాక దాటితే మా దగ్గర ఏమవుతుందో ఈ జిల్లాలో పుట్టిన పసిపిల్లకు కూడా తెలుసు. పడమటి గాలి లేస్తుంది. వాననంతా పడమటి కనుమల అవతలివాళ్ళు ఉంచేసుకుని ఒట్టి గాలిని మాకు పంపిస్తారు. మబ్బులు మమ్మల్ని చూసి కూడా చూడనట్టు నెత్తిమీద నుంచి పరిగెడతాయి. ఆ గాలికి ఆరేసిన చీర పక్క ఊళ్ళో దొరుకుతుంది. నా కిటికీ పడమరకు. పొయ్యి ఆ కిటికీ కింద. పొయ్యి నోరు నా వైపు. వెంటిలేషన్ మీద అంత ఉపన్యాసం ఇచ్చిన నేను, గాలి ఎటునుంచి వస్తుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. కిటికీలోంచి మనుషులు వస్తారా అన్నదే ఆలోచించాను.

ఆ రోజు రానే వచ్చింది. అత్త వచ్చేసరికి సంగటి సిద్ధంగా ఉంటే ఆమెకు వంక పెట్టడానికి సందు దొరకదు కదా అని నాకు తెలివి పుట్టింది. అగ్గిపెట్టె ఉన్న కాలంలో నిప్పు మోసుకురావడమేమిటి, ఆమె తెచ్చిన నిప్పు తర్వాత పొయ్యిలో వేస్తే సరిపోతుంది అనుకున్నాను. పుల్ల గీశాను. ఆరింది. గీశాను. ఆరింది. గాలికి వీధి తలుపు ధనాధనా కొట్టుకుంటుంటే గడియ పెట్టాను. పుల్లలతో కాదని సీసాలోని కిరసనాయిలు కట్టెల మీద కొంచెం పోశాను. సీసా కిటికీ గట్టు మీద పెట్టాను. ఇవన్నీ గుర్తుపెట్టుకోండి, తర్వాత అందరూ నన్ను అడిగింది వీటి గురించే.

మంట అంటుకుంది. పైకి లేవడానికి బదులు అడ్డంగా పొయ్యి నోట్లోంచి బయటికొచ్చి నా కడుపు వైపు నాలుక చాపింది. నేను పక్కకు జరిగి, చెయ్యి మాత్రం చాపి, పామును ఆడించినట్టు వంట చేశాను. ఎలాగో నూక ఉడికింది, పిండి పోశాను, మగ్గింది. మండే కట్టెలు బయటికి లాగి ఆర్పాను. ఇక గెలకాలి.

నిలబడి కట్టె వేసి తిప్పాను. సంగటి తిరగలేదు. గిన్నె తిరిగింది. నేను కుడికి తిప్పితే గిన్నె కుడికి, ఎడమకు తిప్పితే ఎడమకు. ఇద్దరం కలిసి కోలాటం ఆడుతున్నట్టుంది. నా భుజం ఎత్తున ఉన్న కట్టె మీద బరువెక్కడ పడుతుంది?

గిన్నె దించి కింద పెట్టుకుంటే రెండు నిమిషాల పని. తెలుసు. గడియ పెట్టి ఉంది, చూసేవాళ్ళు కూడా లేరు. కానీ దించకుండా గెలకతానని మాట ఇచ్చిన మనిషి ఒకత్తె లోపల ఉందే! ఆమె ఒప్పుకోలేదు.

గిన్నె కిందికి రాకపోతే నేను పైకి పోవాలి. పోయాను. బండ ఎక్కి, పొయ్యికి అటొక కాలు ఇటొక కాలు వేసి, చీర మోకాళ్ళ పైకి దోపి, నెత్తి మిద్దె బండకు తగులుతుంటే మెడ వంచి, కిటికీకి ఎదురుగా నిలబడి కట్టె దించాను. ఆహా! బరువు పడింది. సంగటి లొంగింది. ఆ క్షణంలో నేను సగర్వంగా కిటికీలోంచి దావ వైపు చూశాను. ఒక్కరన్నా చూస్తే బాగుండుననుకున్నాను.

అప్పుడు గాలి విసిరింది. పొయ్యిలో మిగిలిన నిప్పురవ్వలు లేచి, మంట కోసం పక్కన కుప్పపోసిన శనక్కాయ పొట్టు మీద పడ్డాయి. పొట్టు మండదు, రాజుకుంటుంది. నల్లటి పొగ సుళ్ళు తిరుగుతూ నా చీర కుచ్చెళ్ళ చుట్టూ లేచింది.

దావలో బోరింగు దగ్గర్నుంచి బిందెలతో వస్తున్నారు ఆడవాళ్ళు. ముందు రామక్క. ఆమె చూసింది ఇది: కిటికీలో పొగ. పొగలో పొయ్యెక్కి నిలబడిన సరోజ. గట్టు మీద కిరసనాయిలు సీసా.

“అయ్యో! సరోజమ్మా! దిగు తల్లీ! పానం తీసుకోవద్దు!”

నాకు పొగలో కళ్ళు కనబడవు. గాలిలో మాట సగం వినబడదు. రామక్క నన్ను దిగమంటోందని మాత్రం తెలిసింది. అంటే సంగటి ఇలా గెలకకూడదని రామక్క వాదం. నేనూరుకుంటానా?

“దిగను! నా ఇల్లు, నా పొయ్యి, నా ఇష్టం! మీ దావన మీరు పోండి!”

“తలుపు గడియ పెట్టుకునిందప్పా!” అని ఇంకెవరో ఏడుపు.

“కిటికీలోంచి పొయ్యండే! పొయ్యండి!”

మొదటి బిందె నా మొహాన పడింది. రెండోది సంగటిలో. మూడోది పొయ్యిలో పడి బుస్సుమని ఆవిరి లేచింది. ఆ ఆవిరి చూసి బయట కేకలు పెరిగాయి, కేకలతోపాటు బిందెలు పెరిగాయి. నేను నోరు తెరిచినప్పుడల్లా ఒక బిందె. నా జీవితంలో నన్ను మాట్లాడనివ్వకుండా చేసినవి ఆ బిందెలే.

ఆ కేకలన్నిటినీ చీల్చుకుంటూ ఒక గొంతు వినబడింది.

“సరోజా! నా బిడ్డా! తలుపు తియ్యే! నాదే తప్పు, నేనే పొమ్మంటి! ఉప్పు ముందే వేసుకో, నీ ఇష్టమొచ్చినప్పుడు వేసుకో! తలుపు తియ్యే!”

మా అత్త. చేతిలోని నిప్పుల పెంకు దావలో పారేసి పరిగెత్తి వచ్చింది. బాగాలేని ఆ మోకాలితోనే.

దిగి గడియ తీశాను. ఆమె నన్ను ఒక్క ఉదుటున వాటేసుకుంది. నేను తడిసిన కోడిలా నిలబడ్డాను. పెళ్ళయినప్పటి నుంచి ఆమె నన్ను ముట్టుకున్నది అదే మొదలు. ఒళ్ళంతా తడిమి, యాడా కాలలేదని చూసుకుని, అప్పుడు నా చేతి వైపు చూసింది.

“ఇదేంది?”

“సంగటి కట్టె.”

అందరి కళ్ళూ కట్టె మీంచి గిన్నె మీదికి, గిన్నె మీంచి బండ మీది నా తడి పాదాల గుర్తుల మీదికి ప్రయాణం చేశాయి.

“పొయ్యెక్కి... సంగటి గెలకతాంటివా?”

“దించకుండా గెలకతానని మాటిచ్చినా.”

“ఎవురికి?”

నేను రామక్క వైపు చూపించాను. రామక్క ఖాళీ బిందె కిందపెట్టి, దాని మీద కూర్చుండిపోయింది. “నేను చెప్పల్యా, నిలబడి గెలకలేవని” అంది నీరసంగా. ఆ తర్వాత ఎవరు మొదట నవ్వారో తెలియదు. వాళ్ళ నీళ్ళన్నీ నా ఇంట్లో ప్రవహిస్తుంటే, మళ్ళీ అంత దూరం పోయి అంతసేపు బోరింగు కొట్టాల్సినవాళ్ళు, చీర కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. “అయినా మీరు అట్లెందుకనుకున్న్యారు?” అన్నాను కోపంగా. “నేనేమి అట్ల చేసుకునే మనిషినా?”

రామక్క నవ్వాపింది. “ఒంటిగా ఉండావు కదమ్మా. పొద్దంతా రేడియోతో కొట్లాడుతాంటావు. మా గోడకు ఇనపడతాది. సాయంత్రమైతే ఆ కిటికీ కమ్మీలు పట్టుకుని నిలబడతావు. మేం దావన పోతా అనుకుంటాంటాం, ఈ పాప ఎట్లుండాదో ఏమో అని.”

“అనుకుంటే ఒకమాట అడగచ్చు కదా?”

“అడిగితే కొట్లాడతావేమోనని.”

దీనికి నా దగ్గర మంచి జవాబులు చాలా ఉండాలి. నేను ఒంటిదాన్ని కాదు, నాకు ఎవరూ అక్కర్లేదు, ఇలాంటివి. వాటికి బదులు తడి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, “పొగ” అన్నాను.

మా అత్త కొంగు బిగించింది. “సరే లేండి. పిండి ఇంకా ఉండాదా?”

ఉంది. గాలి తగలకుండా ఇంటికి తూర్పు వైపు మూడు రాళ్ళు పెట్టింది. నా పొయ్యి మునిగిపోయింది, ఆమె నిప్పు దావలో ఆరిపోయింది. రామక్క పోయి తన పొయ్యిలోంచి నాలుగు నిప్పులు తెచ్చింది. మా అత్త సంగటి గెలికింది. బాగాలేని మోకాలి మీద బరువు ఆనలేదేమో, పిండి ఎక్కడికక్కడ ఉండలు కట్టింది. అందరం గోడ నీడన కూర్చుని తిన్నాం. నా ముద్దలో ఎంత పెద్ద ఉండ వచ్చిందంటే, పగలగొడితే లోపల పొడిపిండి రాలింది. మా అత్త నా వైపే చూస్తోంది.

నేను వంక పెట్టకుండా ఆ ఉండను కూడా తినేశాను. నా చరిత్రలో అలాంటిది అంతకుముందు లేదు.

లేవబోతూ ఎవరో, “అయితే సరోజమ్మ ఈ పొద్దుతో వేరుపడినట్టే కదా అత్తా” అన్నారు.

“ఎట్లయితాది?” అంది మా అత్త. “పాత పొయ్యి నిప్పు ఈడికి రానేల్యా. ఇది రామక్క నిప్పు. లెక్కకు రాదు.” నా వైపు తిరిగి, “రేపు మధ్యాన్నం అన్నానికి రా” అని వెళ్ళిపోయింది.

ఆ వారం మా ఆయన వచ్చాడు. వాన లేదు, చినుకు లేదు, ఇంటి నేలంతా ఇంకా చెమ్మ. గోడకు నీటి చారలు. ఆయన కిందికి వంగి నేల మీద చెయ్యి వేసి చూశాడు.

“నీళ్ళు పడినాయి కదే! ఎన్నడుగుల్లో పడినాయి?” అన్నాడు.

ఆ తర్వాత శ్రావణంలో మంచిరోజు చూద్దామనుకున్నాం. శ్రావణంలో ఆమెకు ఇంకో అభ్యంతరం దొరికింది. ఆమెకు దొరకనప్పుడు నాకు దొరికేది. గ్యాసు బండ వచ్చేదాకా ఆ పాత పొయ్యి నిప్పు నా ఇంటికి రానేలేదు. పద్ధతి ప్రకారం నేను ఈనాటికీ వేరుపడలేదు.

కాకపోతే ఒకటి మిగిలింది. మా అత్త రోజూ సాయంత్రం చేని నుంచి వస్తూ నా కిటికీ ఎదురుగా దావలో నిలబడి కేకేసేది. “ఏమ్మే, దిగినావా?”

“దిగినా అత్తా!” అనేదాన్ని లోపల్నుంచి.

అంతే. ఆమె నడిచిపోయేది. లోపలికి రమ్మంటే, “పనుండాది” అనేది. నాకు జ్వరమొచ్చిన రోజు నా గొంతు వినబడకపోతే మాత్రం, అడగకుండానే లోపలికి వచ్చి తెల్లారేదాకా కూర్చుంది. ఆ రాత్రి కూడా కషాయంలో మిరియాలెన్ని వేయాలన్న దాని మీద కొట్లాడుకున్నాం.

ఆమె పోయింది, కథ అయిపోయాక పోయింది కాబట్టి మొదట చెప్పిన మాట నేను తప్పలేదు. పాత ఇంట్లో ఆ పొయ్యి కూడా తీసేసి గచ్చు చేసుకున్నారు. మా ఆయన ఇంకా లారీ మీదే ఉన్నాడు. అడుగులు పెరిగాయి, నీళ్ళు తగ్గాయి. రామక్క వాళ్ళు గొర్రెలు అమ్మేసుకుని బెంగళూరు పోయారు. దావలో ఇప్పుడంతా మోటారుసైకిళ్ళు, అవి ఎవరి కిటికీ ముందూ ఆగవు. నడుమెత్తు బండ మాత్రం అలాగే ఉంది. గ్యాసు పొయ్యి దాని మీద పెడితే గాలికి ఆరిపోతుంది, అందుకని ఖాళీగానే ఉంది. ఏరువాక దాటి గాలి లేచిన సాయంత్రాల్లో దాని దగ్గర నిలబడతాను. ఒక్కోసారి, ఎవరూ ఏమీ అడక్కపోయినా, “దిగినా అత్తా” అంటాను.

కనుక ఇది చదువుతున్న మీ అందరి సాక్షిగా, ఆ పడమటి గాలి సాక్షిగా, ఓబులేసు కనిపెట్టిన ఎంటిలేషన్ సాక్షిగా, కుడిచెయ్యి ముందుకు చాపి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో నేను పొయ్యి ఎక్కను. మోకాళ్ళు నొప్పులని అనుకోకండి, వాదానికి దిగితే ఇప్పుడైనా ఎక్కి చూపించగలను. ఎక్కడం ఎంతసేపు? దిగానా లేదా అని అడగడానికి దావలో ఒక మనిషి ఉండాలి కదా.